బస్తాలు విప్పే నౌకర్: బ్యాట్ ఫైల్ తారీఖ్

బస్తా అంటే ఇవాళ మనకు బియ్యం బస్తా, సిమెంటు బస్తా. మా దాదా తరానికి బస్తా అంటే కాగజాల మూట. ఫార్సీలో ‘బస్తన్’ అంటే కట్టడం, ‘బస్తా’ అంటే కట్టినది. ఆసఫ్‌జాహీ కచేరీల్లో ఒక్కో వ్యవహారం కాగితాలన్నీ కలిపితే ఒక మిసిల్. కొన్ని మిసిళ్లు గుడ్డలో చుట్టి ముడివేస్తే బస్తా. బస్తాలు పేర్చిన గది దఫ్తర్. ఎవరైనా అర్జీ పెట్టుకుంటే ముహర్రిర్ సాబ్ లేచి, ఏ అల్మారాలో ఏ అరలో ఏ మూటలో ఉందో గుర్తు చేసుకుని, ముడి విప్పి, కాగితం తీసి, నకలు రాసి ఇచ్చేవాడు. ఆయన తలలో ఉన్న ఫెహ్రిస్తే అసలు ఫెహ్రిస్త్. ఆయన రిటైరైతే దఫ్తర్ సగం గుడ్డిదయ్యేది.

1880లలో హైదరాబాద్ రియాసత్‌లో ఫార్సీ పోయి ఉర్దూ సర్కారీ జబాన్ అయింది. అందుకే తెలంగాణలో ఏ మజహబ్ వాళ్ల ముత్తాత భూమి కాగితం తీసినా సేత్వార్, ఫైసల్ పట్టీ, మున్తఖబ్ అని ఉర్దూ లఫ్జులే పలకరిస్తాయి. కోస్తాలో, సీమలో ఉన్న మన వాళ్లకు తెలుగు దస్తావేజులు, ఇంగ్లీషు రిజిస్టర్లు, వాటి మధ్య ఒక ఉర్దూ నికాహ్‌నామా. ఇప్పుడు ఈ బస్తాలన్నీ స్కానర్ కిందికి వెళ్లి, హార్డ్ డిస్కుల్లోకి వచ్చేశాయి. మా ఖాందాన్‌వి నాలుగైదేళ్లుగా స్కాన్ చేస్తూనే ఉన్నాం. షార్జాలో ఉన్న మామూ పంపినవి ‘న్యూ ఫోల్డర్’లో ఉంటాయి, దాని లోపల ఇంకో ‘న్యూ ఫోల్డర్’, దాని లోపల ‘ఫైనల్’, దాని పక్కన ‘ఫైనల్ కొత్తది’. ముహర్రిర్ సాబ్ లేడు. తలాష్ ఎవరు చేయాలి?

నేను ఈ పని ఒక చిన్న బ్యాట్ ఫైల్‌తో చేయిస్తాను. పది పన్నెండు వరసల టెక్స్ట్, పేరు చివర చుక్క బ్యాట్. మీద రెండుసార్లు నొక్కితే చాలు, ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ విప్పుకుంటూ పోయి, నేను చెప్పిన పేరున్న ఫైళ్లు పట్టుకొచ్చి తెరిచి ముందు పెడుతుంది. జీతం అడగని నౌకర్. ఈ నౌకర్ తారీఖ్ తెలిస్తే ఇతని బలం ఎక్కడుందో, మొండితనం ఎక్కడుందో అర్థమవుతుంది. (ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ కూడా, చరిత్ర కూడా. ఈ వ్యాసంలో రెండూ ఉంటాయి.) మన ఇళ్లల్లో కంప్యూటర్ మాట అల్ ఖ్వారిజ్మీ పేరు ఎత్తకుండా మొదలవదు. ఆయన్ను ఈ ఒక్కసారికి వదిలేద్దాం. ఆయన అవసరం లేకుండానే చెప్పుకోవాల్సింది చాలా ఉంది.

బ్యాచ్ అనే మాట మైక్రోసాఫ్ట్ పుట్టకముందుది. 1950లు, 60లలో కంప్యూటర్ ముందు కూర్చునే ఇజాజత్ ఎవరికీ ఉండేది కాదు. చిల్లులు పొడిచిన అట్ట కార్డుల కట్ట ఒకటి కిటికీలో ఇచ్చి వెళ్లిపోవాలి. లోపల ఆపరేటర్ అందరి కట్టలూ వరసగా పేర్చి మెషీన్‌కు తినిపించేవాడు. ఆ వరసే బ్యాచ్. మనిషి పక్కన లేకుండా, ముందే రాసిచ్చిన హుకుంలను ఒకదాని తర్వాత ఒకటి మెషీన్ అమలు చేయడం అన్నమాట. ఒకరకంగా అదీ బస్తాయే, గుడ్డకు బదులు రబ్బర్ బ్యాండ్.

తర్వాత మనిషికి కీబోర్డు దొరికింది. అమెరికాలో ఎమ్‌ఐటీ వాళ్ల సీటీఎస్‌ఎస్ అనే సిస్టమ్‌లో ఒకే మెషీన్ మీద చాలామంది ఒకేసారి కూర్చుని హుకుంలు టైప్ చేసేవారు. రోజూ అవే హుకుంలు, అదే వరసలో. అక్కడ పనిచేసిన ఫ్రెంచి ఇంజనీరు లూయీ పూజాఁకు విసుగొచ్చినట్టుంది. 1960ల మొదట్లో ‘రన్‌కామ్’ అని ఒక ప్రోగ్రాం రాశాడు. హుకుంలన్నీ ఒక ఫైల్లో రాసిపెట్టు, ఫైల్ పేరు చెప్పు, మిగతాది అదే చూసుకుంటుంది. మన బ్యాట్ ఫైల్‌కు పర్‌దాదా ఇదే. హుకుంలు తీసుకునే ప్రోగ్రాంకు ‘షెల్’ అని పేరు పెట్టిందీ ఈయనే.

అదే ఎమ్‌ఐటీ నుంచి ఇంకో ముఖ్యమైన మాట 1965లో వచ్చింది. మల్టిక్స్ అనే కొత్త సిస్టమ్ కోసం డేలీ, న్యూమన్ అనే ఇద్దరు ఒక పరిశోధనా పత్రం చదివారు. ఫైళ్లన్నీ ఒకే వరసలో కాకుండా చెట్టులా ఉండాలి, కొమ్మలో కొమ్మ, దాంట్లో ఇంకో కొమ్మ, ఎంత లోతుకైనా వెళ్లొచ్చు అన్నారు. ఇవాళ ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటున్నామంటే ఆ ఆలోచన ఫలితమే. మన తలాష్ కష్టాలు కూడా దాని ఫలితమే అనుకోండి. మల్టిక్స్ నుంచి యూనిక్స్‌కు ఆ చెట్టు వచ్చింది. ఇంటింటి కంప్యూటర్‌కు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఎందుకంటే చిన్న కంప్యూటర్లకు అంత చోటు లేదు. 1974లో గ్యారీ కిల్డాల్ రాసిన సీపీ/ఎమ్‌లో చెట్టు లేదు. ఫ్లాపీ మీద ఫైళ్లన్నీ ఒకే గదిలో. పేరుకు 8 అక్షరాలు, చుక్క తర్వాత 3 అక్షరాలు, అంతే. అందులో ‘సబ్‌మిట్’ అనే హుకుం ఉండేది, రాసిపెట్టిన హుకుంలను వరసగా నడిపించేది. 1980లో సియాటెల్‌లో టిమ్ పేటర్సన్ అనే ఇరవై నాలుగేళ్ల కుర్రాడు సీపీ/ఎమ్ తరహాలోనే ఇంకో సిస్టమ్ రాశాడు. మరుసటి ఏడు మైక్రోసాఫ్ట్ దాన్ని కొనేసింది. 1981 ఆగస్టు 12న ఐబీఎమ్ పర్సనల్ కంప్యూటర్‌తో పాటు డాస్ పేరుతో బయటికొచ్చింది. బ్యాట్ ఫైల్ అప్పటికే అందులో ఉంది, కానీ పసిబిడ్డ. హుకుంలు వరసగా చదవడం, మధ్యలో ఆగి ఏదో ఒక మీట నొక్కమనడం తప్ప పెద్దగా ఏమీ రాదు.

ఆ పసితనంలోనే ఒక అలవాటు పడింది, ఇవాళ్టికీ పోలేదు. బ్యాట్ ఫైల్‌ను మెషీన్ మొత్తం ఒకేసారి చదవదు. ఒక వరస చదువుతుంది, ఆ పని చేస్తుంది, మళ్లీ ఫైల్ దగ్గరికొచ్చి ఎక్కడిదాకా చదివానో గుర్తుపెట్టుకుని తర్వాతి వరస చదువుతుంది. అమ్మీ బజార్‌కు పంపితే ఒక్కో సామాను తెచ్చి, మళ్లీ వచ్చి ‘తర్వాత?’ అని అడిగే పిల్లాడిలాగా. మధ్యలో ఫ్లాపీ తీసేస్తే, బ్యాచ్ ఫైల్ ఉన్న డిస్క్ పెట్టమని అడిగేది డాస్. మెమొరీ అంత తక్కువగా ఉన్న జమానాలో అది తెలివైన పద్ధతి.

ఆ మొదటి ఫ్లాపీలో పట్టేది 160 కిలోబైట్లు. ఫైళ్లు 64కు మించకూడదు. 64 పేర్లలో తలాష్ ఏముంటుంది? ‘డిర్’ అని కొడితే అన్నీ కళ్ల ముందు జారిపోతాయి. మా మహల్లా కిరాణా కొట్టులో ఇంతకన్నా ఎక్కువ డబ్బాలుంటాయి, భాయ్ కళ్లు మూసుకుని చేయి పెడతాడు.

అసలు ముష్కిల్ 1983 మార్చిలో మొదలైంది. ఐబీఎమ్ కొత్త మోడల్ ఎక్స్‌టీలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్ వచ్చింది. ఇవాళ ఒక ఫోన్ ఫొటో రెండు పెడితే నిండిపోయే చోటు. అప్పటికి మాత్రం పాత ఫ్లాపీలు అరవైకి పైగా ఒకే పెట్టెలోకి దించినట్టు. ఇన్ని ఫైళ్లు ఒకే గదిలో పెడితే దఫ్తర్ నడవదు. అందుకే దాంతోపాటు వచ్చిన డాస్ 2.0లో యూనిక్స్ నుంచి చెట్టు తెచ్చి నాటారు. డైరెక్టరీలో డైరెక్టరీ. యూనిక్స్‌లో కొమ్మకూ కొమ్మకూ మధ్య ముందుకు వాలిన గీత పెడతారు. డాస్‌లో ఆ గీత అప్పటికే వేరే పనికి, హుకుం వెనకాల షరతులు చెప్పడానికి, వాడేసుకున్నారు. కాబట్టి వెనక్కి వాలిన గీత పెట్టారు. ఇవాళ్టికీ విండోస్‌లో ఫైల్ పత్తా రాస్తే ఆ గీత వెనక్కే వాలి ఉంటుంది. నలభై ఏళ్లయినా సర్దుబాటు సర్దుబాటుగానే ఉండిపోయింది.

ఆ డాస్ 2.0 రాసిన వాళ్లలో మార్క్ జ్బికోవ్‌స్కీ ఒకరు. విండోస్ ప్రోగ్రాం ఫైల్ ఏది తెరిచి చూసినా మొదటి రెండు హర్ఫులు ఎమ్, జెడ్. అవి ఆయన పేరులోని పొడి అక్షరాలు, ఆ ఫైళ్ల నమూనా తయారుచేసింది ఆయనే. ఖత్తాత్‌లు తుగ్రా కింద ‘కతబహు’ అని దస్తఖత్ చేసినట్టు. నాకు ఈ సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా ముచ్చటేస్తుంది.

బ్యాట్ ఫైల్‌కు అప్పుడే తెలివొచ్చింది. ‘ఇఫ్’ వచ్చింది: ఫలానాది ఉంటే చెయ్యి, లేకపోతే వద్దు. ‘గోటూ’ వచ్చింది: పై వరసకు వెళ్లి మళ్లీ మొదలుపెట్టు. ‘ఫర్’ వచ్చింది: ఈ జాబితాలో ఉన్న ఒక్కో ఫైల్‌కూ ఇదే పని చెయ్యి. కానీ విచిత్రం చూడండి. ఫైళ్లను చెట్టు నిండా చెల్లాచెదురు చేసుకునే వీలు అదే ఏడు ఇచ్చారు, చెట్టంతా తిరిగి వెతికే ‘ఫర్’ మాత్రం ఇవ్వలేదు. ఆ ‘ఫర్’ ఒక గదిలోనే తిరుగుతుంది. పక్క గదిలోకి వెళ్లాలంటే మీరే చేయి పట్టుకుని తీసుకెళ్లాలి.

‘ఫైండ్’ అని ఒక హుకుం ఉండేది, అది ఇంకో ధోకా. యూనిక్స్‌లో ఫైండ్ అంటే చెట్టంతా తిరిగి ఫైల్‌ను వెతికేది. డాస్‌లో ఫైండ్ అంటే ఫైల్ లోపల ఉన్న మాటను వెతికేది. పేరు ఒకటే, పని వేరు. అందుకే ఆ రోజుల్లో చేయి తిరిగిన వాళ్లు ఒక చిట్కా వాడేవారు. ‘చెక్‌డిస్క్’ అనేది డిస్క్ ఆరోగ్యం చూసే ప్రోగ్రాం. దాని వెనకాల /వి అని చేర్చితే చూసిన ప్రతి ఫైల్ పేరూ పూర్తి పత్తాతో సహా చెప్పుకుంటూ పోతుంది. ఆ వాగుడునంతా ఫైండ్‌లోకి మళ్లిస్తే, మనకు కావాల్సిన పేరున్న వరసలు మాత్రం మిగులుతాయి. డాక్టర్‌తో పోస్ట్‌మన్ పని చేయించడం లాంటిది. చివరికి 1991 జూన్‌లో డాస్ 5.0 వచ్చినప్పుడు ‘డిర్’కే /ఎస్ అనే షరతు జోడించారు. అంటే లోపలి గదులన్నీ కూడా తిరిగి రా. /బి జోడిస్తే సోది లేకుండా ఒట్టి పత్తాలు మాత్రం. చెట్టు నాటిన ఎనిమిదేళ్లకు నిచ్చెన ఇచ్చారు.

మిగతా మెట్లు త్వరగా ఎక్కేద్దాం. 1993లో విండోస్ ఎన్‌టీ, దాంతోపాటు థెరీస్ స్టోవెల్ రాసిన కొత్త హుకుం కిటికీ సీఎమ్‌డీ. 1995లో విండోస్ 95, 8 అక్షరాల గొలుసు తెంపి 255 దాకా పొడుగు పేర్లు, డైరెక్టరీకి ‘ఫోల్డర్’ అనే కొత్త పేరు, ఇంకా ‘స్టార్ట్’ అనే హుకుం. ఫైల్ పేరు ఇస్తే చాలు, పీడీఎఫ్ అయితే పీడీఎఫ్ చూపించేదాంట్లో, బొమ్మ అయితే బొమ్మలు చూపించేదాంట్లో అదే తెరుస్తుంది. 1996లో ఎన్‌టీ 4.0లో ‘ఫర్’కు /ఆర్ వచ్చింది. ఈ గదిలో మొదలుపెట్టి, లోపలి గదులు, వాటి లోపలి గదులు, అన్నీ తిరుగు. అక్కడికి ముహర్రిర్ సాబ్ నౌకరీలోకి మళ్లీ వచ్చినట్టే. 2006లో పవర్‌షెల్ అని ఇంతకన్నా ఆలిమ్ వచ్చాడు. పిల్లలు నేర్చుకుంటామంటే అదే నేర్పండి. నాకు మాత్రం ఈ పాత నౌకర్‌తో అలవాటైపోయింది.

గదులన్నీ తిరగగలిగే నౌకర్ దొంగ కూడా కాగలడని ప్రపంచానికి తెలిసిన తారీఖ్ 2000 మే 4. ‘ఐ లవ్ యూ’ అనే సబ్జెక్టుతో మనీలా నుంచి బయల్దేరిన ఉత్తరం ఒక్క రోజులో దేశాలు చుట్టేసింది. దాంతో వచ్చింది బ్యాట్ ఫైల్ కాదు, దాని చుట్టం, విజువల్ బేసిక్ స్క్రిప్ట్. కానీ చేసిన పని మనం మాట్లాడుకుంటున్నదే. డ్రైవ్ తర్వాత డ్రైవ్, ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ తిరగడం, చుక్క తర్వాత జేపీజీ ఉన్న ప్రతి బొమ్మ మీదా తన నకలు రాసేయడం. ఎంత మంది ఇళ్లల్లో షాదీ ఫొటోలు పోయాయో లెక్క లేదు. విండోస్ ఫైల్ పేరులో చివరి మూడు అక్షరాలు దాచిపెడుతుంది కాబట్టి, స్క్రిప్ట్ అని తెలియక, మామూలు టెక్స్ట్ అనుకుని తెరిచారు జనం. రాసిన వాణ్ణి పట్టుకున్నా, ఆ నేరానికి ఫిలిప్పీన్స్‌లో అప్పటికి చట్టమే లేదు, వదిలేయాల్సి వచ్చింది. వాట్సాప్‌లో ఎవరైనా చుక్క బ్యాట్ ఫైల్ పంపి నొక్కు అంటే నొక్కకండి. ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవండి. అది ఒట్టి టెక్స్ట్, దాచుకోవడానికి దానికి బుర్ఖా లేదు. ‘డెల్’ అనే మాట కనిపిస్తే, అది ఏం చెరుపుతుందో అర్థమయ్యేదాకా ముట్టుకోవద్దు.

నా బ్యాట్ ఫైల్ సంగతికొస్తాను. దాంట్లో ‘డెల్’ లేదు. వెతకడం, జాబితా రాయడం, అడిగి తెరవడం, అంతే. పేరులో ‘నికా’ ఉన్న పీడీఎఫ్ ఏదైనా పట్టుకురా అనాలంటే నికాకు ముందొక నక్షత్రం గుర్తు, వెనకొక నక్షత్రం గుర్తు పెట్టి ‘ఫర్ /ఆర్’కు ఇస్తాం. నక్షత్రం అంటే ఇక్కడ ఏదైనా ఉండొచ్చు అని. ఈ నక్షత్రం తప్పనిసరి. అది లేకుండా ఒట్టి ఫైల్ పేరు ఇస్తే ‘ఫర్ /ఆర్’ ప్రతి గదిలోకీ వెళ్లి, ఆ ఫైల్ ఉన్నా లేకున్నా ఉన్నట్టే పత్తా చెబుతుంది. అలాంటప్పుడు ‘ఇఫ్ ఎగ్జిస్ట్’ అని, నిజంగా ఉందో లేదో చూసి చెప్పమని ఇంకో మాట చేర్చాలి. ఇంకొకటి: ‘స్టార్ట్’ తర్వాత కొటేషన్లలో మొదట వచ్చే మాటను అది కిటికీ పేరు అనుకుంటుంది, ఫైల్ అనుకోదు. మన ఫైల్ పేర్లలో ఖాళీలుంటాయి కాబట్టి కొటేషన్లు పెట్టక తప్పదు. అందుకని ముందు ఒక ఖాళీ కొటేషన్ జంట పెట్టి, ఆ తర్వాత ఫైల్ పత్తా ఇస్తారు. చూడ్డానికి వింతగా ఉంటుంది, కానీ అది లేకపోతే ఒక ఖాళీ నల్ల కిటికీ తెరుచుకుని మన మొహం చూస్తుంది.

దొరికినవన్నీ ఒకేసారి తెరవమని చెప్పడం అక్లమందీ కాదు. రెండొందల పీడీఎఫ్‌లు ఒక్కసారి తెరుచుకుంటే పాత ల్యాప్‌టాప్ సజ్దాలోకి వెళ్లి లేవదు. ముందు పత్తాలన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లోకి రాయించాలి. ఆ జాబితా చూసి, కావాల్సినవి తెరవాలి. ఫెహ్రిస్త్ ముందు, ముడి విప్పడం తర్వాత. ముహర్రిర్‌లు చేసిందీ ఇదే కదా.

ఇక ఈ నౌకర్ మొండితనం. పేరు చెప్తేనే వెతుకుతాడు. స్కాన్ చేసిన కాగితం లోపల ఏం రాసుందో అతనికి తెలియదు, అది బొమ్మ మాత్రమే. ఇన్‌పేజ్ పాత వర్షన్లలో కట్టిన ఉర్దూ, అను ఫాంట్లలో కట్టిన తెలుగు కూడా అంతే, లోపలి సంకేతాలు వాటి సొంతం, మనం టైప్ చేసే యూనికోడ్ మాటతో కలవవు. కాబట్టి పైన రాసిన పేరే దిక్కు. స్కానర్ పెట్టిన పేరు ‘స్కాన్ 0017’ అలాగే వదిలేస్తే ఆ దస్తావేజు ఉండీ లేనట్టే. చివరి అక్షరాలతో కూడా పేచీ ఉంది. టిఫ్ అని మూడక్షరాలతో వెతికితే నాలుగక్షరాల టిఫ్ ఫైళ్లు కూడా వస్తాయి, ఎందుకంటే విండోస్ 95 పొడుగు పేర్లు ఇచ్చినప్పుడు పాత ప్రోగ్రాంల కోసం ప్రతి పేరుకూ 8, 3 లెక్కలో ఒక పొట్టి పేరు కూడా చాటుగా పెట్టింది. తలాష్ రెండు పేర్లలోనూ జరుగుతుంది. అదే జేపీజీ అని వెతికితే నాలుగక్షరాల జేపీఈజీ రాదు, దాని పొట్టి పేరు జేపీఈ కాబట్టి. ఒకచోట ఎక్కువ తెస్తాడు, ఇంకోచోట తక్కువ. రెండింటికీ అతని దగ్గర జవాబుంది.

మగర్ మన ఇళ్లల్లో పేరంటే ఏది? మా ఖాందాన్ కాగితాల్లో ఒకే మనిషి పేరు ముందు షేక్ అని ఇంగ్లీషులో నాలుగు రకాలుగా ఉంది. చివర ఒట్టి కె, కెహెచ్, మధ్యలో ఏఐ, ఈఐ, కొన్నిచోట్ల పొట్టిగా ఎస్‌కె. మొహమ్మద్ అయితే ఎమ్‌డీ, ఎమ్‌ఓహెచ్‌డీ, ఇంకా పూర్తిగా రాసినవి ఎన్నో. ఖాసిం ఒకచోట క్యూతో, ఒకచోట కెతో, బడి సర్టిఫికెట్‌లో కెహెచ్‌తో. తెలుగులో ఖాసిం, కాశీం. మస్తాన్‌వలి ఒకే మాటగా, విడిగా, ‘వల్లి’గా. రాసిన గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా. ఆ ఫరక్ వల్ల పాస్‌పోర్టు దగ్గర, పింఛన్ దగ్గర, వారసత్వం దగ్గర ఎన్ని చెప్పులరిగాయో ప్రతి ఇంట్లో ఒక కథ ఉంటుంది. బ్యాట్ ఫైల్ కూడా ఆ కౌంటర్ గుమాస్తా లాంటిదే, అక్షరం తేడా వస్తే ‘లేదు’ అంటుంది. ఒక్క ఫరక్ ఏమిటంటే దీనికి ఓపిక ఉంది. అందుకే నేను ఒక పేరుకు ఒక్క తలాష్ రాయను. ఏడెనిమిది రూపాలు జాబితాగా ఇచ్చి, ‘ఫర్’తో ఒక్కోదాన్నీ వెతికిస్తాను. ఆ రూపాల జాబితా కంప్యూటర్ తెలిసిన పిల్లలకు తెలియదు. మా ఖాలాకు తెలుసు. ఫలానా నానా పేరు ఫలానా ఊళ్లో ఎలా పిలిచేవారో ఆమె చెప్తుంటే రాసుకున్నాను.

ఉర్దూలో పేరు పెట్టిన ఫైళ్ల దగ్గర ఇంకా నాజూకు వ్యవహారం. ‘నికాహ్’లో కాఫ్ ఉంది. అరబీ కీబోర్డుతో కొడితే ఒక కాఫ్, ఉర్దూ కీబోర్డుతో కొడితే ఇంకో కాఫ్. కాగితం మీద చదివేవాడికి రెండూ ఒకటే, యూనికోడ్‌కు రెండు వేరు అంకెలు. ‘యే’ కూడా అంతే, ‘హే’ కూడా అంతే. సౌదీలో ఉన్న భాయ్ పెట్టిన పేరును ఇక్కడి కీబోర్డుతో వెతికితే దొరకదు. తెలుగులో కంటికి కనిపించని అక్షరం ఒకటుంది. మస్తాన్ తర్వాత పొల్లును విడిగా నిలబెట్టడానికి కీబోర్డు చాటుగా పెట్టే విరామ చిహ్నం. అది ఉన్న పేరు వేరు, లేని పేరు వేరు. మందు ఒక్కటే, అనుమానమున్న అక్షరం దగ్గర నక్షత్రం పెట్టడం.

డాస్ నాటికి ఈ హర్ఫులకు అందులో చోటే లేదు. సీ-డాక్ వాళ్ల జిస్ట్ కార్డు లాంటిది పెట్టుకుంటే తప్ప మన లిపులు తెర మీదికి వచ్చేవి కావు. తెలుగు 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్‌గా వచ్చింది. కానీ ఆ నల్ల కిటికీ మాత్రం పాత మర్యాదలే పాటిస్తుంది. ఉర్దూ, తెలుగు పేర్ల జాబితా టెక్స్ట్ ఫైల్లోకి రాయమంటే, అక్షరాలు తన పట్టికలో లేకపోతే వాటి చోట ప్రశ్నార్థకాలు రాసేస్తుంది. డిస్క్ మీద పేరు భద్రంగానే ఉంటుంది, ఫెహ్రిస్త్‌లో మాత్రం పేరు పోయి ప్రశ్నలు మిగులుతాయి. అందుకే బ్యాట్ ఫైల్ పైవరసల్లోనే ‘సీహెచ్‌సీపీ 65001’ అని రాయాలి. ఇక నుంచి యూటీఎఫ్-8లో మాట్లాడు అని అర్థం. బ్యాట్ ఫైల్‌ను కూడా యూటీఎఫ్-8గానే దాచాలి, మొదట్లో బీఓఎమ్ అనే గుర్తు లేకుండా. ఆ గుర్తు ఉంటే మొదటి వరస చదవలేక తడబడుతుంది. తెర మీద హర్ఫులు విడివిడిగా, వంకరగా కనిపించినా కంగారు పడొద్దు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే సరిగ్గా ఉంటాయి. 1917లో హైదరాబాద్‌లో దారుత్తర్జుమా పెట్టి ఫిజిక్స్, కెమిస్ట్రీ కితాబులు ఉర్దూలోకి తెచ్చిన బుజుర్గులు ఈ జమానాలో ఉండి ఉంటే ‘డిర్’కు, ‘ఫర్’కు ఏ పేర్లు పెట్టేవాళ్లో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

ఫెహ్రిస్త్ అనే లఫ్జ్‌తోనే ఒక కితాబ్ ఉంది. పదో శతాబ్దపు బగ్దాద్‌లో ఇబ్న్ అల్ నదీమ్ అనే వర్రాఖ్, అంటే కితాబులు నకలు చేసి అమ్మే మనిషి, హిజ్రీ 377లో, అంటే ఇంగ్లీషు లెక్కన 987 ప్రాంతంలో, తనకు తెలిసిన అరబీ కితాబులన్నింటి పేర్లు, రాసిన వాళ్ల హాల్‌చాల్ ఒకచోట రాశాడు. దాని పేరే ‘అల్ ఫెహ్రిస్త్’. అందులో పేరున్న కితాబులు చాలా ఇవాళ ఎక్కడా లేవు. అవి ఒకప్పుడు ఉండేవని మనకు తెలియడానికి చాలావాటికి ఆ జాబితా ఒక్కటే గవాహీ.

మా తమ్ముడి దగ్గరున్న డ్రైవ్ నిరుడు వర్షాకాలంలో తిరగడం మానేసింది. రిపేర్ వాళ్లు చేతులెత్తేశారు. అంతకు రెండు నెలల ముందే ‘డిర్ /ఎస్ /బి’ జాబితా ఒకటి రాయించి నా మెయిల్‌కు పంపుకుని ఉన్నాను, కాబట్టి అందులో ఏమేం ఉండేవో వరసవారీగా తెలుసు. చాలావాటి అసలు కాగితాలు నెల్లూరులో ఖాలా ఇంటి ట్రంకు పెట్టెలో ఉన్నాయి, మళ్లీ స్కాన్ చేస్తున్నాం. జాబితాలో ఇంకా తొమ్మిది పేర్లు తేలాలి. వాటిలో ఒకటి 1954-55 ఖాస్రా పహాణీ నకలు, ఒకటి నానీ అమ్మ నికాహ్‌నామా, పేరులో కాఫ్ అరబీది. దాన్నిబట్టి పెట్టింది జెద్దా మామూ అయి ఉంటాడని ఆయనకు రాశాను. పాత ఫోన్‌లో ఉందేమో వెతుకుతానన్నాడు.